వియ్యపురాలి వెంట మూడు ఊళ్లు

ఫిబ్రవరి నెలాఖరున జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వెళ్లొస్తానంటే, మా రేపల్లెలో "అక్కడ చూడ్డానికి ఏముంది?" అని అడగనివాళ్లది పాపం. నిజానికి నేను చూడ్డానికని వెళ్లలేదు. మా కోడలు స్వప్నకి ఏడో నెల వచ్చింది. శ్రీమంతం జనగామలో, వాళ్ల పుట్టింట్లో. ముఖ్యమైన చుట్టాలను బొట్టు పెట్టి పిలవడానికి బయల్దేరుతూ కోడలి తల్లి సత్తెమ్మగారు నాకు ఫోన్ చేసింది.

"నువ్వు సుత రా వదినె. పిల్లగాని తల్లివి. ఇద్దరం పోతే మర్యాద."

నాకు ఆశ్చర్యమేసింది. పిల్లల పెళ్లయి రెండేళ్లయినా మేమిద్దరం ఒక్క పూట తీరిగ్గా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. కొత్త దంపతులతో కలిసి ఆవిడ మా ఇంటికి ఒక్కసారి వచ్చింది. ఆ తర్వాత ఎన్ని పండగలకు పిలిచినా "పొలం పనులున్నయి వదినె" అనేది. నేనూ అంతగా పట్టించుకోలేదు. మావారికి మోకాళ్ల నొప్పులు. పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాకు చేతి నిండా తీరిక. సరేనన్నాను.

జనగామ

స్టేషన్‌కి ఆవిడే వచ్చింది. నేత చీర, చేతిలో గుడ్డసంచి, నా కన్నా ఒక చెయ్యి పొడుగు. "మంచిగ వచ్చినవా?" అంటూ నా పెట్టె లాక్కుంది. మా వైపు వియ్యపురాళ్లు జన్మంతా "మీరు", "గారు" అనుకుంటూనే గడిపేస్తారు. ఇక్కడ "నువ్వు" అంటే చిన్నచూపు కాదనీ, దగ్గరితనమనీ నాకు తెలుసు. తెలిసినా ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది.

ఇంటికి తీసుకెళ్తుందనుకున్నాను. స్టేషన్ దగ్గర ఒక హోటల్లోకి తీసుకెళ్లింది. రాతి పలకల బల్లలు, గాజు సీసాల్లో బిస్కెట్లు, గల్లా దగ్గర తెల్లగడ్డం పెద్దాయన. నేను కాఫీ అడిగాను.

"కాఫీ లేదమ్మా," అన్నాడాయన నొచ్చుకోకుండా. "చాయ్ ఉన్నది. మా చాయ్ తాగినంక కాఫీ యాదికి రాదు."

"గీమె మా వియ్యపురాలు భాయ్, రేపల్లె నుంచి వచ్చింది," అని చెప్పింది సత్తెమ్మగారు.

"అరె, జర మంచిగ పొయ్యిర్రా, దూరం నుంచి వచ్చిర్రు," అని ఆయన లోపలికి కేక వేశాడు.

వచ్చిన చాయ్ పొగలు కక్కుతోంది. ఒక్క గుక్కకే నాలుక చురుక్కుమంది. సత్తెమ్మగారు నవ్వలేదు. కప్పులోది సాసర్లోకి వంచి, ఊది, నా ముందుకు జరిపింది. సాసర్లో తాగడం, అందులోనూ చప్పుడు చేస్తూ తాగడం మా ఇంట్లో మర్యాద కాదు. చుట్టూ చూశాను. ఇద్దరు ముసలాయనలు ఒకే పేపరు చెరో కాగితం పంచుకుని, చెరో సాసరూ ఊదుకుంటూ తాగుతున్నారు. పక్క బల్ల మీద ఒకాయన బిస్కెట్ ముంచుకుంటూ గోడ మీద గడియారం కేసి చూడను కూడా చూడలేదు. నేనూ జుర్రుకున్నాను. పది రూపాయల చాయ్‌కి ముప్పావు గంట కూర్చున్నా లెమ్మన్నవాళ్లు లేరు. మా ఊళ్లో కాఫీ హోటల్లో ఆఖరి గుక్క గొంతు దిగకముందే బల్ల తుడిచే గుడ్డ మోచేతికి తగులుతుంది.

మధ్యాహ్నం ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా వైపు పులుసంటే కాగాలి, తెర్లాలి, ఇంగువ వాసన వీధిలోకి రావాలి. ఇక్కడ చింతపండు రసంలో కాల్చిన పచ్చిమిరపకాయ నలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి, నువ్వుల పొడి కలిపి, పొయ్యి మొహం చూపించకుండానే వడ్డించేశారు. అది పులుపో కారమో తేల్చుకునేలోపే మూడు రొట్టెలు తినేశాను.

సాయంత్రం తరిగొప్పుల దారిలో ఉన్న వాళ్ల పొలానికి వెళ్లాం. వియ్యంకుడుగారు వరికి నీళ్లు పెడుతున్నారు. పక్కనే తాటివనం. గౌడన్న చెట్టు దిగి, తాటాకును దొన్నెలా మడిచి, కల్లు పోసి నా చేతికిచ్చాడు. మా ఊళ్లో ఆడవాళ్లు కల్లుపాక దారినే వెళ్లరు.

"మీ దిక్కు ఆడోళ్లు తాగరా?" అని అడిగింది సత్తెమ్మగారు.

"తాగరండి. ఎవరైనా చూస్తే..."

"ఎవలు సూస్తరు? గా ముసలమ్మ సూస్తదా?"

చెట్టుకింద ఎనభై ఏళ్లుంటాయేమో, ఒకావిడ కూతురితో, మనవరాలితో కూర్చుని, మనం మజ్జిగ తాగినట్టు తాగుతోంది. నన్ను చూసి, రమ్మన్నట్టు తల ఊపింది. కూర్చున్నాను. కల్లు కొంచెం తీపి, కొంచెం పులుపు, ముక్కుకి మాత్రం గట్టి వాసన. నంజుకోవడానికి ఉడికించి తాలింపు పెట్టిన బొబ్బర్లు. వీటిని గుడాలంటారు. రెండు దొన్నెలు తాగి మూడోదానికి చెయ్యి చాపితే సత్తెమ్మగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"పైలం వదినె. తియ్యగున్నదని తాగితే ఇంటిదాంక ఎత్తుకపోవాలె నిన్ను. నాతోని కాదు."

ముసలావిడతో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గట్టు మీద నడిచొస్తుంటే ఎడమకాలి చెప్పు బురదలో కూరుకుపోయింది. వంగి తీయబోయి నేనూ కూర్చుండిపోయాను. ఆవిడ చెయ్యందించి లేపింది. వియ్యపురాలు ఇంత సరదా మనిషని రెండేళ్లలో తెలుసుకోలేకపోయానే అనుకున్నాను.

మానుకోట

పటం మీద మహబూబాబాద్. బస్సులో, బజారులో, ఇంట్లో మాత్రం అందరికీ మానుకోటే. సత్తెమ్మగారి చెల్లెలు సరోజ అక్కడ మిర్చి మార్కెట్ దగ్గర సర్వపిండి అమ్ముతుంది. మేం వెళ్లేసరికి మార్కెట్ అంతా ఎర్రగా ఉంది. బస్తాలు, కుప్పలు, ట్రాక్టర్లు, అన్నింటి మీదా ఎర్రటి దుమ్ము. నాలుగడుగులు వేశానో లేదో తుమ్ములు మొదలయ్యాయి. లెక్కపెట్టడం పదకొండు దగ్గర మానేశాను. ఆ తుమ్ముల్లో పొరపాటున, మిరపకాయ పట్టుకున్న చేత్తోనే కన్ను నులుముకున్నాను.

ఆ తర్వాత కాసేపు నాకు మానుకోట కనబడలేదు. సరోజ పరుగున వచ్చి, దుకాణంలో చల్లటి పాలల్లో గుడ్డ ముంచి కంటి మీద వేసింది. "మొదటిపాలి వచ్చినోళ్లందరు గిట్లనే ఏడుస్తరు అక్కా. మిర్చి మంచి ఘాటున్నదని గుర్తు," అని ఓదార్చింది.

కన్ను తెరిచేసరికి ముందు సర్వపిండి ఉంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన సెనగపప్పు, కరివేపాకు కలిపి, గిన్నె అడుగున గుండ్రంగా వత్తి, వేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లో నూనె వేసి సన్నటి మంట మీద కాలుస్తుంది. అంచులు కరకర, మధ్యలో మెత్తన.

"మా వైపు తపేళా చెక్క అంటాం దీన్ని," అన్నాను.

"గట్లనా! పేరు ఏదైతేంది అక్కా, మాడకుంట సూసుకోవాలె," అంది సరోజ.

ఆవిడకి బొట్టు పెట్టి, శ్రీమంతానికి పిలిచి, అక్కడే బల్ల మీద కూర్చున్నాం. నాలుగింటికి ఒక కారు ఆగింది. దిగినాయన మా జిల్లాల వాడే. మాటతీరు వినగానే ప్రాణం లేచొచ్చింది. పలకరిద్దామని లేవబోయాను. అంతలో ఆయన "ఇదేవిటమ్మా?" అనడం, సరోజ "గిది సర్వపిండి అన్నా. గిప్పుడే దించిన, జర ఆగుర్రి, సల్లారనియ్యి" అనడం, ఆయన కారులో ఉన్న భార్య వైపు తిరిగి గొంతు మార్చి సాగదీస్తూ "గిది గట్ల సల్లారాలెనంట!" అనడం జరిగిపోయాయి. కారులోంచి పెద్ద నవ్వు.

సరోజ తల దించుకుని కాగితంలో పొట్లం కడుతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఏవండీ, తినడానికి వచ్చారా, వెక్కిరించడానికి వచ్చారా? ఆవిడ మర్యాదగానే చెప్పింది కదా!"

తన మాటతీరే నా నోట వినేసరికి ఆయన బిత్తరపోయాడు. "సరదాకండీ," అని గొణిగి, పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. సరోజ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నేనేదో ఘనకార్యం చేసినట్టు సత్తెమ్మగారి వంక చూశాను. ఆవిడ చూపు రోడ్డు మీదే ఉంది.

ఎండ తగ్గాక ఇద్దరం రైల్వేస్టేషన్ వైపు నడిచాం. ప్లాట్‌ఫారం చివర బెంచీ ఖాళీగా ఉంది. అక్కడ కూర్చున్నాక ఆవిడ నోరు విప్పింది.

"గా మనిషిని మంచిగ అడిగినవ్ వదినె. కని నువ్వు గూడ గదే చేసినవ్ గద."

"నేనా? నేనేం చేశానండీ?"

"మీ ఇంటికి వచ్చిన దినం. నీళ్ల కోసం వంటింటి కాడికి వచ్చిన. నువ్వు మీ చెల్లెతోని నా లెక్క మాట్లాడుతున్నవ్. 'జర నీళ్లియ్యిర్రి, గొంతు ఎండుతాంది' అని. మీ చెల్లె కడుపు పట్టుకుని నవ్వుతాంది. నేను తలుపు ఎనుక నిలబడ్డ. నీళ్లు తాగకుంటనే మర్రిపోయిన."

అబద్ధం కాదు. ఆ రోజు నేను ఒక్క వాక్యంతో ఆగలేదు కూడా. పెళ్లివారి మాటలన్నీ ఒక్కొక్కటే అనుకరించి వంటింటిని నవ్వించాను. దాన్ని తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. అసలు గుర్తుపెట్టుకోనే లేదు.

"మరి నన్నెందుకు పిలిచారు?" అని అడిగాను చివరికి.

"నా బిడ్డ నీ ఇంటి కోడలాయె. రేపు దానికి బిడ్డ పుడ్తది. గా పిల్ల నా దగ్గర నాలుగు మాటలు నేర్చి నీ ఇంట్ల మాట్లాడితే, గప్పుడు గూడ నవ్వుతవా? గది సూద్దమని పిలిచిన." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "మీ దిక్కు పోయే బండి గీ స్టేషన్ల ఆగుతది. పోత అంటే పో వదినె. ఏమనుకోను. భూపాలపల్లికి నేనొక్కదాన్నే పోయి బొట్టు పెట్టొస్త."

విజయవాడ వైపు వెళ్లే రైలు వస్తోందని మైకులో చెప్తున్నారు. ఎక్కితే పొద్దున్నకి ఇంట్లో ఉండొచ్చు. నిజం చెప్పాలంటే ఎక్కాలనే అనిపించింది. ఆవిడ మొహం చూడలేక. రైలు వచ్చింది, రెండు నిమిషాలాగింది, వెళ్లింది. నేను బెంచీ మీదే ఉన్నాను. క్షమించమని అడగడానికి మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ టైమెంతయిందని మాత్రమే అడిగాను. ఆవిడ లేచి చీర దులుపుకుని, "దా, సరోజ బువ్వ వండుతాంటది," అంది.

భూపాలపల్లి

మర్నాడు నర్సంపేట మీదుగా రెండు బస్సులు మారాం. కిటికీ బయట ఆకు కనిపించకుండా మోదుగలు విరగబూశాయి. మామూలు రోజైతే ఆ రంగు చూసి కేరింతలు కొట్టేదాన్ని. ఆ రోజు మేమిద్దరం "దాహమేస్తోందా", "ఎండ తగుల్తాందా" తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

భూపాలపల్లి బొగ్గు ఊరు. రోడ్ల మీద బొగ్గు లారీలు, చెట్ల ఆకుల మీద సన్నటి నలుపు. పని దిగినవాళ్లు, పనికి ఎక్కబోయేవాళ్లు ఒకే హోటల్లో పక్కపక్కనే కూర్చుని తింటారు కాబట్టి ఆ ఊళ్లో ఏ వేళకి వెళ్లినా వేడి వేడిగా మిర్చి బజ్జీ దొరుకుతుంది. మేం బస్సు దిగిన చోట తిన్నది ఇరవై రూపాయలకి నాలుగు. లోపల వాము, చింతపండు కూరి, పైన ఉల్లిపాయ, నిమ్మకాయ. బల్లకి అటు కూర్చున్న కార్మికుడు నా పరాయి వాలకం చూసి, అడక్కుండానే మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు.

సత్తెమ్మగారి తమ్ముడు కొమురయ్య గనిలో పని చేస్తాడు. ఉండేది కార్మికుల కాలనీ క్వార్టర్లో. వాళ్లమ్మ లచ్చవ్వ కూడా అక్కడే. ఎనభై దాటిన మనిషి, చెవులు కొంచెం మందం, నోట్లో రెండే పళ్లు. పుట్టబోయే బిడ్డకి ముత్తవ్వ కాబట్టి బొట్టు ముందుగా ఆవిడకే. నేను ముందుకొచ్చి, "బావున్నారాండీ? ప్రయాణానికి ఓపిక ఉంటుందా? మీరు తప్పకుండా రావాలి," అన్నాను. లచ్చవ్వ నా నోటి వైపే చూసి, కూతురి వైపు తిరిగింది.

"ఏమంటాంది బిడ్డా?"

"పైలంగున్నవా అంటాంది. నువ్వు రావాల్నట," అని చెప్పింది సత్తెమ్మగారు.

అలా తెలుగు నుంచి తెలుగులోకి మాట మార్చి చెప్పే పని ఆవిడ మీద పడింది. నేను అన్న ప్రతిదానికీ లచ్చవ్వ "ఏమంటాంది?" అనేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సిగ్గేమో అనుకున్నాను.

మొదటి షిఫ్టు దిగి, కొమురయ్య స్నానం చేసి తెల్ల బనీనుతో వచ్చి కూర్చున్నాక భోజనాలు పెట్టారు. బగారన్నం, నాటుకోడి కూర. చుట్టం వస్తే బగారన్నం వండకపోతే ఇక్కడ వండినట్టే కాదట. కొమురయ్య భార్య రాధ ముక్కలు వెతికి వెతికి నా పళ్లెంలో వేస్తూ, నవ్వుతూనే అడిగింది.

"మీ దిక్కు మా మాటలకు నవ్వుతరట గద అత్తమ్మా? నిజమేనా?"

నేను జవాబు వెతుక్కునేలోపే సత్తెమ్మగారు అందుకుంది. "మా వదినె గసొంటిది కాదు తియ్యి. నిన్న సరోజను ఎవడో ఎక్కిరిస్తే గట్టిగ అడిగింది."

ఆవిడ నన్ను కాపాడింది. తన పుట్టింటివాళ్ల ముందు నా పరువు నిలబెట్టింది. ఆ అబద్ధాన్ని ఆవిడ మీద వదిలేసి ఆ కోడికూర తినలేకపోయాను.

"కాదమ్మా," అన్నాను రాధతో. "నేనే నవ్వాను. వదినగారు మా ఇంటికి వచ్చిన రోజు ఆవిడ మాటని వెక్కిరించి పదిమందినీ నవ్వించాను. ఆవిడ విన్నది. నిన్నటిదాకా నాకా సంగతే తెలీదు. నాది చాలా తప్పు."

రాధ చేతిలో గరిటె అలాగే ఆగింది. కొమురయ్య అక్క వైపు చూశాడు. లచ్చవ్వ మెడ చాపింది.

"ఏమంటాంది బిడ్డా?"

సత్తెమ్మగారు పళ్లెం వంక చూస్తూ, "ఏం లేదవ్వా. కూర మంచిగున్నదంటాంది," అంది.

నేను లచ్చవ్వ పక్కకి జరిగి, ఆవిడ చెవి దగ్గర, మూడు రోజులుగా చెవినపడ్డ మాటల్లోంచి ఏరుకుని, గట్టిగా చెప్పాను. "అవ్వా, సత్తెమ్మ మాటలకు నేను నవ్విన. మస్తు తప్పయింది."

ఎలా పలికానో నాకే తెలుసు. లచ్చవ్వ కాసేపు నా మొహం పరీక్షగా చూసింది. తర్వాత రెండు పళ్లూ కనిపించేలా నవ్వడం మొదలుపెట్టింది.

"నేను గూడ నీ మాటలకు పొద్దటిసంది నవ్వుతనే ఉన్న బిడ్డా! కొంగు అడ్డం పెట్టుకున్న, నీకు కానరాలే. నువ్వు నోరు తెరిస్తే పిట్ట పాడినట్టుంటది, ఒక్క ముక్క సమజ్ కాదు."

ముందు కొమురయ్య నవ్వాడు. తర్వాత రాధ. చివరికి సత్తెమ్మగారు కూడా, నవ్వకూడదని పెదాలు బిగబట్టి, ఇక ఆపుకోలేక. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ చూసింది. కోడిముక్క ఒకటి తీసి నా పళ్లెంలో వేసింది.

"మాఫ్ చేసిన అంటలేను వదినె," అంది నెమ్మదిగా. "గది జర టైమ్ పడ్తది. ముందుగాల బువ్వ తిను."

తిన్నాను. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఇప్పటికీ చెప్పలేను.

గోదారి ఒడ్డు

ఆఖరి రోజు కొమురయ్యకి సెలవు. మహదేవపూర్ దాటి, కాళేశ్వరం దగ్గర గోదావరి చూపించాడు. మాది కృష్ణ ఒడ్డు. సముద్రం దగ్గర పడుతుంటే నది నీరసంగా, ఉప్పగా అయిపోవడమే నాకు తెలుసు. ఇక్కడ ఇసుక మైదానంలా పరుచుకుని, మధ్యలో నీళ్లు తేటగా కదులుతున్నాయి. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఇద్దరం మోకాళ్లలోతు దిగాం. "జారుతది, పట్టుకో," అంటూ ఆవిడే నా భుజం పట్టుకుంది.

తిరుగుదారిలో ఒక పూరిపాకలో భార్యాభర్తలు గోదావరి చేపలు వండిపెడుతున్నారు. మా చేపల పులుసులో మామిడికాయో, బెండకాయో ఏదో ఒకటి తోడుంటుంది. వీళ్లది చింతపండు, ధనియాలు, ఎల్లిపాయ, అంతే. విస్తరి నిండా అన్నం, దాని పక్కన అరచెయ్యంత ముక్క. కొమురయ్య తినేసి బీడీ కాల్చుకోవడానికి బయటికి వెళ్లాడు.

సత్తెమ్మగారు ముళ్లు ఏరుకుంటూ, తల ఎత్తకుండానే అంది. "పురుడు నా ఇంట్ల పోస్త. ఇరవై ఒక్క దినానికి నువ్వు రావాలె. వచ్చి గంటల మర్రిపోవుడు కాదు, నెల దినాలుండాలె."

"నెలరోజులా! మీకు ఇబ్బంది కదండీ?"

"నాకేం ఇబ్బంది? పొద్దుగాల నేను పిల్లతోని మాట్లాడుత, పొద్దూకి నువ్వు మాట్లాడు. రెండు తీర్లు చెవుల పడాలె దానికి. గప్పుడు ఎవలను సూసి ఎవలు నవ్వాలె?"

"అలాగేనండీ," అన్నాను.

ఆవిడ అప్పుడు తలెత్తి, మొదటిసారి నిండుగా నవ్వింది.

"గదే. గా 'అండీ' సుత నేర్పు."